తేనెటీగల గాదె

వసంతము రాగానే పూలపై తుమ్మెదలును తేనెటీగలును ఝుంకారము సేయుటను వర్ణింపని ప్రబంధ మరుదు. చైత్రమునకు మధుమాసమను పేరే కలదు. ఐనను ఆ మధుమాసమునకు ముందు, మాఘ ఫాల్గునములలో, ఆ యీగలు ఏమి తిని బ్రదికినవో యని మేము చిన్ననాడు కావ్యములు చదువుకొనునపుడు ఒక్కనాడును తలంచినవారము కాము. తేనెపెట్టెలు మా పెరటిలోనికి వచ్చిన పిమ్మట, అందొక కుటుంబమును చేజేతులార పోగొట్టుకొన్న పిమ్మట, ఆ ప్రశ్న మాకు తోచినది. మావలె మరియొక సోదరి పొరబడకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమున్నది అరకులోయలోని యొక పల్లె. ఈ లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటరుల యెత్తున నున్నది. కార్తిక మార్గశిరములలో వలిసెచేలు పూచి, నేలపై పసుపు ఆరబోసినట్లుండును. ఈగలకు అదియే పెద్దపంట. వలిసెలు కోసిన వెనుక లోయలో పూలు తరిగిపోవును. చలియు మంచును ప్రొద్దెక్కు వరకు ఈగలను వాకిలి దాటనీయవు. మామిడిపూత కొంత ఆదుకొన్నను, మరల కడుపు నిండుట కాఫీతోటలు పూచిననాడే. కాఫీమొగ్గలు ఎండకాలపు తొలివాన పడిన వారము పదిదినములకు విచ్చును. రెండు మూడు దినములలో వాడిపోవును. వలిసెకును కాఫీకిని నడుమనున్న యీ కాలమే ఈగల కరవుకాలము.

మొదటి యేట మాకిది తెలియదు. సంక్రాంతికి బంధువులకు తేనె పంపవలయునను ఉబలాటముతో, పుష్యమాసమున రెండు పెట్టెలలోను ఒకదానినుండి చుక్క మిగులకుండ తీసితిమి. చూచినవారెల్ల మెచ్చిరి, మేమును పొంగిపోతిమి. ఫాల్గునమున మూత తెరచి చూడగా ఆ పెట్టెలో ఒక్క ఈగయు లేదు. ఎండిన పట్టులలో మైనపు పురుగులు బూజువంటి దారములు అల్లుకొనియుండెను. మన నాటు ఈగకు, అనగా చెట్టుతొర్రలలోను పుట్టలలోను కాపురముండు పుట్టతేనెటీగకు, అది స్వభావము. ఆకలి మితిమీరినచో ఇల్లు విడిచి అన్నియు ఒక్కమారు లేచిపోవును. తప్పు వానిది కాదు, గాదె ఊడ్చిన మాది.

ఆరువారముల లెక్క

చలికాలము గడచినది గదా, ఇక భయమేమని తలంచుట పొరపాటు. నిండుచలిలో రాణి గ్రుడ్లు తగ్గించును, ఈగలు ఒండొంటిని హత్తుకొని కొద్ది తిండితో గడుపుకొనును. మాఘమున ఎండ వేడెక్కగానే రాణి మరల విస్తారముగ గ్రుడ్లు పెట్ట మొదలిడును. పిల్లలున్న పట్టును 34, 35 డిగ్రీల వెచ్చదనమున నిలుపుటకు ఈగలు తేనె త్రాగి ఒడలు వేడిచేసికొనవలయును. పిల్లలకు పుప్పొడియు కావలయును. కావున ఖర్చు పెరుగుట ముందు, రాబడి వచ్చుట వెనుక.

మరియొక సంగతి. శ్రామిక ఈగ గ్రుడ్డునుండి బయటికి వచ్చుటకు సుమారు 20 దినములు పట్టును. పిదప ఇంచుమించు మూడువారములు అది ఇంటిలోనే పిల్లలను సాకుచు, మైనము చేయుచు నుండి, అటుపిమ్మటనే పూలకు పోవును. అనగా కాఫీపూలనాడు తేనె తేవలసిన ఈగ అంతకు ఆరువారముల ముందే గ్రుడ్డై యుండవలయును. మాఘమున పస్తున్న ఇంట చైత్రమున పనివారుండరు.

తెరువక మునుపు

ప్రతిదినమును మూత తీసి చూచుట మేలు కాదు. లోపలి వెచ్చదనము పోవును, ఈగలు బెదరును. ముందు వాకిట నిలిచి చూడుడు. కాళ్లకు పసుపు, నారింజ రంగుల పుప్పొడి ముద్దలతో ఈగలు చొచ్చుకొని పోవుచున్నచో లోపల పిల్లలున్నవని తలంపవచ్చును. వెనుకనుండి పెట్టెను కొంచెము పైకెత్తి చూడుడు. బరువు తగ్గినచో చేతికే తెలియును. నీళ్లు పోసిన గిన్నెలలో పెట్టెకాళ్లున్నవా, చీమలు ఎక్కుచున్నవా యని కూడ చూడవలయును.

తెరచిన పిమ్మట

ఎండ కాసి, గాలి లేని దినమున, పదిగంటలు దాటిన పిదప తెరువవలయును. ఆనాడు తలలో మల్లెలు, ఒంటికి అత్తరు వలదు. లేతరంగు చీర మేలు. కొబ్బరిపీచు రాజవేసి రెండు మారులు పొగ యూదిన చాలును. ఈగ కుట్టినచో ముల్లును గోటితో గీకివేసి ఆ చోట కడుగుకొనవలయును. ఆ వాసనకు తక్కిన యీగలు రేగును. కుట్టినపుడు ఒడలెల్ల దద్దురులు లేచి ఊపిరాడని వారు ఈ పని జోలికి పోరాదు. అట్లైనచో తక్షణము వైద్యుని యొద్దకు పోవలయును.

చట్రములను ఒక్కొక్కటిగ నెత్తి, పది నిమిషములలో నాలుగు సంగతులు చూచుకొందుము.

మొదటిది తిండి. పట్టు పైభాగమున మూతవేసిన తేనెయుండును. అది నాలుగు వ్రేళ్ల వెడల్పుకంటె తక్కువైనచో చాలదని మా లెక్క.

రెండవది రాణి. దానిని వెదకి కాలము గడుపనక్కరలేదు. గదికొక్కటి చొప్పున, అడుగున నిలువబెట్టిన సన్నని నూకవంటి గ్రుడ్డు కనబడినచో రాణి కుశలమే. ఒక్క గదిలో రెండు మూడు గ్రుడ్లు గోడలకు అంటియున్నచో రాణి పోయినదనియు, శ్రామిక ఈగలే పెట్టుచున్నవనియు తెలియవలయును. వానినుండి పోతుటీగలే పుట్టును.

మూడవది రోగము. గదులలో పిల్లలు మూతి పైకెత్తి, నీరునిండిన సంచులవలె చచ్చియున్నచో అది సంచిరోగము. 1991-92లో దక్షిణదేశమున ఈ రోగము నాటు ఈగల కుటుంబములను అత్యధికముగ తుడిచిపెట్టినది. దీనికి మందు లేదు. ఆ పెట్టెలోని పట్టును వేరొకదానిలో పెట్టకుండుట, చేతులును పనిముట్లును కడుగుకొనుట, కుటుంబమును బలముగ నుంచుట, ఇవియే కాపుదల.

నాలుగవది శుభ్రత. అడుగుపలకపై రాలిన మైనపుపొడిని, చచ్చిన యీగలను ఊడ్చివేయవలయును. ఈగలు కప్పని ఖాళీపట్టులు తీసివేయవలయును. మైనపు పురుగు చేరుట వానియందే.

ఆకలి తీర్చు విధము

తిండి తక్కువగ నున్నచో, కాచి దించిన నీటిలో సమపాళముగ చక్కెర కరగించి, చల్లార్చి, చిన్నగిన్నెతో పెట్టె లోపలనే ఉంచవలయును. ఈగలు మునుగకుండ గడ్డిపుల్లలు తేలవేయుడు. ప్రొద్దుగ్రుంకిన పిదపనే పెట్టుడు. పగలు పెట్టినచో పరాయి యీగలు దోపిడికి వచ్చును. బయట ఒక్క చుక్కయు ఒలుకరాదు, వాకిలి ఇరుకు చేయవలయును. బెల్లము వలదు, వానికి అజీర్తి చేయును. అంగడి తేనెయు వలదు. దానితో పరుల రోగము మన యింటికి వచ్చును.

పూలు విరియగానే ఈ పోషణ మాని, చోటు చూపవలయును. ఇల్లు ఇరుకైనచో పట్టు దిగువయంచున రాణిగదులు కట్టి, పాత రాణితో సగము గుంపు లేచిపోవును.

రెండవ పెట్టెలోని కుటుంబము నిలిచినది. దాని నుండి మేము ఎక్కువ తీయకపోవుట తెలివిచేత గాదు, సీసాలు చాలకపోవుటచేత. ఇప్పుడు తెలిసియే పైవరుస తేనె వానికి విడిచిపెట్టుచున్నాము. సంక్రాంతికి బంధువులకు పోవు సీసాలు తగ్గినవి. ఒకరిద్దరు నిష్ఠురమాడిరి కూడ. ఐనను ఈ మాఘమున మూత తీసి చూచినపుడు గదిగదికొక నూకవలె గ్రుడ్లు కనబడినవి.

కోతలనాడు గాదె నిండుగ నున్నదని ఊరంతయు పంచిపెట్టి, నడివేసవిని పిల్లలను పస్తుంచు ఇల్లాలు మనలో లేదు. పెరటిలోని యీ చిన్న సంసారము గాదెయు మన చేతిలోనిదే. దానిని నింపినవి అవి. ఎంత మిగుల్పవలయునో తెలిసికొని తీయుట మన ధర్మము.