గాలి చెప్పే నీటి లెక్క

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొత్తగా కొన్న ఇళ్లలో మొదటి వారం వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే. అద్దం తలుపులోంచి చూస్తే బట్టలు తడిసి దొర్లుతుంటాయి, నీళ్లు మాత్రం కంటికి ఆనవు. "ఈ కాసిని నీళ్లతో మురికేం పోతుందయ్యా? కాస్త లెవెల్ పెంచి వెళ్లు" అని మెషిన్ బిగించడానికి వచ్చిన కుర్రాణ్ని అడుగుతారు. "అది మన చేతుల్లో లేదమ్మా, ఆటోమేటిక్" అని అతను తప్పించుకుంటాడు. ఆ జవాబులో నిజం సగమే.

ఆటోమేటిక్ అంటే లోపల లీటర్లు లెక్కపెట్టే మీటరు ఉంటుందని చాలామంది అనుకుంటారు. కొన్ని మోడళ్లలో అదీ ఉంటుంది గానీ, నీటి మట్టాన్ని కనిపెట్టే పని మాత్రం వేరే భాగానిది. విచిత్రమేమిటంటే ఆ భాగాన్ని నీళ్లు తాకను కూడా తాకవు. తొట్టి అడుగున ఓ పక్కగా చిన్న గాలి గది ఉంటుంది. దాని పైభాగం నుంచి సన్నటి రబ్బరు గొట్టం బయల్దేరి, మెషిన్ పైమూత కిందున్న గుండ్రటి బిళ్లకు తగులుకుంటుంది. దాన్నే ప్రెషర్ స్విచ్ అంటారు. తొట్టిలోకి నీళ్లు వచ్చేకొద్దీ గదిలోని గాలికి తప్పించుకునే దారి ఉండదు. అది నొక్కుకుపోయి, స్విచ్‌లోని పల్చటి రబ్బరు పొరను ఉబ్బిస్తుంది. నీరు 10 సెంటీమీటర్ల ఎత్తు పెరిగితే పీడనం పెరిగేది సుమారు 980 పాస్కళ్లే. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో అది నూరో వంతు కూడా కాదు. ఆ పొర కదలడానికి అంత చాలు.

ద్రవంలో పీడనం లోతును బట్టే ఉంటుంది, పాత్ర వెడల్పును బట్టి కాదు. ఆ కొలమానానికి పేరిచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దంలోనే ఈ సంగతి వివరించాడు. మెషిన్ కూడా చూసేది ఎత్తునే. మందపాటి తువ్వాళ్లు, దుప్పట్లు వేశారనుకుందాం. అవి నీళ్లు పీల్చుకోగానే తొట్టిలో మట్టం పడిపోతుంది, గాలి గదిలో పీడనం తగ్గుతుంది, కుళాయి వాల్వు మళ్లీ తెరుచుకుంటుంది. ఉతుకు మొదలైన కాసేపటికే నీళ్లు ఆగి ఆగి వచ్చే చప్పుడు అదే. పాలిస్టర్ చీరలైతే అంతగా పీల్చవు కనుక అదే ప్రోగ్రాములో నీళ్లు తక్కువ పడతాయి. అంటే లెవెల్ సర్దుబాటు ప్రతి ఉతుకులోనూ జరుగుతూనే ఉంది, కాకపోతే బట్టల ఇష్టప్రకారం.

పాత మెషిన్లలో ఈ పొర ఉబ్బి ఒక మీటను తోసేది, 'టిక్' మని కాంటాక్టు పడేది. ఇప్పటివాటిలో పొరతోపాటు ఒక ఫెర్రైట్ ముక్క తీగచుట్టలో పైకీ కిందికీ జరుగుతుంది. దాంతో సర్క్యూట్ పౌనఃపున్యం మారుతుంది, ఆ మార్పును బోర్డు నీటి ఎత్తుగా చదువుకుంటుంది. పాత స్విచ్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే నడుమ ఒకటి రెండు చిన్న మరలు, వాటిమీద గట్టిపడిన రంగు చుక్క కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో మట్టం సరిచూసి వేసిన సీలు అది. ఆ రంగు గీకేసి మర తిప్పితే లెవెల్ మారుతుంది, నిజమే. "మన చేతుల్లో లేదమ్మా" అన్నది సగమే నిజం అనడం ఇందుకే.

కానీ ఆ స్విచ్ ఒక్క పనే చేయదు. హీటరు మునిగేంత నీళ్లు చేరాయా లేదా చెప్పేది అదే. నీళ్లు హద్దు దాటితే పంపును నడిపించి బయటికి తోయించే హెచ్చరికా దాని నుంచే రావాలి. ఒక మరను ఇటు తిప్పబోతే ఇంకో హద్దు అటు జరగవచ్చు. పైగా పాత స్విచ్‌ల కాంటాక్టుల్లో ప్రవహించేది ఇంటి కరెంటే, తమాషా కాదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. నీళ్లు పెంచితే బట్టలు బాగా శుభ్రపడతాయా? ఉతుకు దశలో పడవు, శుభ్రత ఇంకాస్త తగ్గుతుంది కూడా. ఈ మెషిన్‌లో డ్రమ్ము అడ్డంగా పడుకుని తిరుగుతుంది. లోపలి గోడకున్న గట్లు బట్టల్ని పైకి ఎత్తుతాయి, అవి పైనుంచి దభీమని కింద పడతాయి. చాకిరేవు బండ మీద బట్టను ఎత్తి కొట్టినట్టన్నమాట. డ్రమ్ము అడ్డుకొలత అర మీటరైతే, నిమిషానికి 60 చుట్లు దాటగానే బట్టలు కింద పడకుండా గోడకు అతుక్కుని తిరుగుతాయి. అందుకే ఉతికేటప్పుడు వేగం 50 చుట్ల లోపే ఉంచుతారు. మట్టం పెంచితే బట్టలు నీళ్లలో తేలతాయి, పడే దెబ్బ మెత్తబడుతుంది. చేతి ఉతుకు పొడి వేస్తే పొంగే నురగ చేసే అపకారమూ ఇదే. ఈ మెషిన్లకు నురగ తక్కువొచ్చే పొడి వేరే అమ్మడంలో వ్యాపార కిటుకు కొంత ఉన్నా, కారణం మాత్రం గట్టిదే.

కరెంటు ఖర్చు సంగతీ ఉంది. 28 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 60 డిగ్రీలకు కాచాలంటే అరయూనిట్ పైచిలుకు కావాలి. నీళ్లు రెట్టింపైతే ఖర్చూ రెట్టింపు.

నీళ్లు నిజంగా అక్కరకొచ్చేది జాడింపు దగ్గర. పసిపిల్లల బట్టలున్న ఇళ్లలోనూ, సబ్బు పడని చర్మం ఉన్నవారికీ ఇది పట్టించుకోవలసిన విషయమే. అక్కడ కూడా లెవెల్ పెంచడం కంటే లెక్క వేసుకోవడం మేలు. పిండిన తర్వాత బట్టల్లో ఇంకా 6 లీటర్ల సబ్బు నీళ్లు మిగిలాయనుకుందాం. 12 లీటర్ల మంచినీళ్లు కలిపి, బాగా కలిశాక మళ్లీ అంతే పిండితే సబ్బు మూడో వంతుకు తగ్గుతుంది. అలా మూడుసార్లు చేస్తే ఇరవైఏడో వంతు. అదే 36 లీటర్లూ ఒక్కసారే పోస్తే మిగిలే సబ్బు ఏడో వంతు! ఖర్చయిన నీళ్లు రెండిట్లోనూ సమానమే. చాలా మెషిన్ల మీదుండే 'ఎక్స్‌ట్రా రిన్స్' మీట ఇందుకే. కొన్నిట్లో జాడింపుకు నీళ్లు పెంచే మీట కూడా విడిగా ఇస్తారు. స్క్రూడ్రైవర్ తీసేముందు ఆ మీటలు ఒకసారి నొక్కి చూడవచ్చు.

నీటి మట్టం నిజంగానే తప్పిన సందర్భాలూ లేకపోలేదు, అయితే తప్పు చాలాసార్లు స్విచ్‌ది కాదు. సన్న గొట్టానికి సూదిబెజ్జమంత చిల్లు పడితే గాలి కారిపోతుంది. నీళ్లు ఎంత నిండినా మెషిన్‌కు చాలలేదనే అనిపించి, కుళాయి కట్టదు. గాలి గదిలో సబ్బు జిగురు, దారపు పోగులు పేరుకుంటే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. నీళ్లన్నీ పోయినా గొట్టంలో గాలి బిగుసుకుపోయి ఉంటుంది, తొట్టి నిండుగా ఉందన్న భ్రమలో మెషిన్ స్పిన్‌కు పోదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి గనుక అలాంటి నీళ్లు వాడే ఇళ్లలో ఇది త్వరగా ఎదురవుతుంది. అనుభవమున్న మెకానిక్ ప్లగ్గు పీకి, గొట్టాన్ని స్విచ్ నుంచి ఊడదీసి, ముందుగా దాంట్లోకి నోటితో మెల్లగా ఊది చూస్తాడు.

మరో తప్పు బయటే ఉంటుంది. నీళ్లు పోయే గొట్టాన్ని బాత్రూం నేలమీద ఊరికే పడేస్తే, ఒకవైపు నింపుతుంటే మరోవైపు సైఫన్ పట్టి కారిపోతూ ఉంటాయి. అందుకే ఆ గొట్టం నేలకు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున వంపు తిరగాలని మాన్యువళ్లు చెబుతాయి.

మన ఇళ్లలో ఇంకొకటి, డాబా మీది ట్యాంకు. మీటరు ఎత్తుకు వచ్చే పీడనం 0.1 బార్ కూడా ఉండదు. మోడల్‌ని బట్టి మెషిన్ వాల్వుకు కనీసం 0.3 నుంచి 1 బార్ దాకా కావాలి. పై అంతస్తువారికి ట్యాంకు నెత్తిమీదే రెండు మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది, కాబట్టి ధార సన్నగా వస్తుంది. గడువులోగా నిండకపోతే మెషిన్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కుళాయి గొట్టం మెషిన్‌కు తగిలే చోటున్న చిన్న జల్లెడను విప్పి కడిగితే కొన్నిసార్లు పనవుతుంది. అప్పటికీ కాకపోతే ట్యాంకును ఎత్తు మీదికి మార్చాలి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి.