గట్టిమేళం చాటున ఒక రహస్య సంకేతం

"మా ఇంటికి ఎవరూ రాలేదు, ఏం చూస్తున్నారని అడగలేదు. మరి మేం చూసే సీరియల్‌కు రేటింగ్ ఎలా వేస్తున్నారు?" అని ఒక పాఠకురాలు రాశారు. బార్క్ సంస్థ దేశమంతటా కొన్ని వేల ఇళ్లను ఎంచుకుని టీవీల దగ్గర మీటర్లు పెడుతుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ రిమోట్‌లో ఒక్కో బటన్. టీవీ ముందు కూర్చున్నవారు తమ బటన్ నొక్కాలి. 2015 నుంచి రేటింగులు ఇలాగే వస్తున్నాయి. ఇళ్లను సరిగ్గా ఎంచితే ఆ కొద్ది నమూనా చాలు. అసలు అద్భుతమంతా మీటరు చానల్‌ను పోల్చుకునే తీరులో ఉంది.

మీటరు చూడదు, వింటుంది! కార్యక్రమాన్ని ఉపగ్రహానికి పంపేముందే చానల్ వాళ్లు దాని ధ్వనిలో తమ గుర్తునూ, సమయాన్నీ ఒక సన్నని సంకేతంగా కలిపేస్తారు. దాన్నే వాటర్‌మార్క్ అంటారు. అది మీ గదిలో మోగుతూనే ఉంటుంది, మీకు వినపడదు.

మనిషి చెవికి అందని అల్ట్రాసౌండ్ కాబోలని చాలామంది అనుకుంటారు. కాదు. అంత పై పౌనఃపున్యాలు ధ్వనిని కుదించేటప్పుడే కొట్టుకుపోతాయి, మామూలు టీవీ స్పీకర్లు వాటిని పలకలేవు కూడా. సంకేతం దాక్కోవాల్సింది మనం వినే శబ్దాల మధ్యే. పెళ్లిలో తాళి కట్టేవేళ గట్టిమేళం ఎందుకు? తుమ్ములాంటి అపశకున ధ్వని చెవిన పడకుండా. అక్కడ జరిగేదే ఇక్కడా జరుగుతుంది. లోపలి చెవిలోని సన్నటి పొర మీద ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో చోటు ఉంటుంది. పెద్ద స్వరం ఒక చోటును ఊపేస్తుంటే, ఆ పక్కనే మోగే చిన్న స్వరాన్ని చెవి పోల్చుకోలేదు. ఈ మరుగును బెల్ ల్యాబ్స్‌లో హార్వే ఫ్లెచర్ ఓపికగా కొలిచారు. ఎంపీ3 ఫైలు చిన్నదిగా ఉండటానికి కారణమూ ఇదే: చెవి ఎలాగూ వినని వాటిని అది పారేస్తుంది. చిక్కంతా అక్కడే! ఎంపీ3 ఊడ్చేసే మూలలోనే వాటర్‌మార్క్ దాక్కోవాలి. మరీ బలహీనమైతే చెత్తతోపాటు పోతుంది, కాస్త బలం పెరిగితే ప్రేక్షకుడికి వినపడుతుంది.

మేళం ఆగితే చాటు ఉండదు. అమెరికాలో రేడియో మీటరు కోసం 1000 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య సంకేతాన్ని దాచేవారు. నెమ్మదైన మాటలు, నిశ్శబ్దపు విరామాలు ఎక్కువగా ఉన్న స్టేషన్లకు శ్రోతలు ఉన్నా లెక్కలోకి రావడం లేదన్న అనుమానం బలపడింది. సంకేతాన్ని బలపరిచే వోల్టేర్ అనే పెట్టెను స్టేషన్లు కొనడం మొదలుపెట్టాయి. చివరికి 2015లో అక్కడ రేటింగులు వేసే నీల్సన్ సంస్థ తానే సంకేతాన్ని పటిష్ఠం చేసింది. మోగే శబ్దానికీ కొలిచే సంకేతానికీ ఉన్న ఈ ముడిని ముందే పట్టించుకుని ఉండాల్సింది.

ప్రకటనలు హోరుగానే వస్తాయి కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ. కానీ సబ్బు అమ్మేవారికి కావలసింది, ఆ అరనిమిషంలో ఇంటి ఇల్లాలు టీవీ ముందు ఉందా లేదా అన్నది. ఇంత సూక్ష్మమైన ధ్వని విద్య అంతా చేసి, ఆ ఒక్క సంగతి కోసం మళ్లీ రిమోట్ బటన్‌నే నమ్ముకోవడం నాకు బొత్తిగా నచ్చదు.