కదలిక లేకుంటే స్పృహ లేనట్టేనా?

‘సార్, మా నాయనకు మేం మాట్లాడేది ఇనపడతా ఉందా?’

వెంటిలేటర్ మీదున్న రోగి కొడుకు అడిగిన ప్రశ్న ఇది. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరిచింది. కళ్లు తెరవడు, వేలు కదపడు, కంటిపాపలు వెలుతురుకు స్పందించవు. బంధువులు ఆశ వదులుకున్నారు. కానీ కట్లపాము విషం ప్రధానంగా దెబ్బతీసేది నరానికీ కండరానికీ మధ్య సంబంధాన్ని. మెదడు మెలకువగానే ఉండొచ్చు. కోలుకున్నాక, మంచం పక్కన ఎవరేం అన్నారో చెప్పే రోగులూ ఉంటారు.

కొలిచేది దేన్ని?

1974లో వచ్చిన గ్లాస్గో కోమా స్కేలులో కళ్లు, మాట, కదలికలను చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తాం. అది కొలిచేది బయటి స్పందననే, లోపలి అనుభవాన్ని కాదు.

అసలు ఆ అనుభవం ఎందుకు కలుగుతుంది? విద్యుదావేశంలాగే చైతన్యం కూడా ప్రకృతి మూల లక్షణమని కొందరి వాదన. దీన్ని పాన్‌సైకిజం అంటారు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితో ఏళ్ల తరబడి చర్చలు జరిపిన భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ కూడా మనసు, పదార్థం విడివిడి కావన్నారు. ఇవేవీ ప్రయోగంతో రుజువు కాలేదు. అయితే ఈ కోవకు దగ్గరగా ఉండే టొనోని సిద్ధాంతం (2004) ఒక పరీక్షకు దారి చూపింది. అయస్కాంతంతో మెదడును తట్టి, వచ్చే స్పందన ఎంత సంక్లిష్టమో ఇఇజిలో చూస్తారు. రోగి మాట్లాడనక్కర్లేదు. సిద్ధాంతంపై వివాదం మాత్రం తీరలేదు.

2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, చెప్పిన మాటకు పైకి స్పందించని 241 మందిలో 60 మంది మెదడు లోపల ఆ పని చేస్తున్నట్టు స్కానింగ్, ఇఇజిల్లో తేలింది. బ్రెయిన్ డెత్ వేరు. దాన్ని నిర్ధారించే ముందు విషం, మత్తుమందుల ప్రభావం లేదని తేల్చుకోవాలి.

మీరు చేయాల్సింది

* కట్లపాము గాటు కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే నాటుమందు జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి.
* రోగిని పేరు పెట్టి, వరస పెట్టి పిలవండి. ఏ రోజో, ఎవరొచ్చారో చెప్పండి.
* ‘ఇంక లాభం లేదు’ అనే మాటలు, ఆస్తి లెక్కలు మంచం దగ్గర వద్దు.

ఆ కొడుకుతో నేనన్నది ఒకటే: ‘ఇనపడతా ఉందనుకునే మాట్లాడు నాయనా.’

– ఫిజీషియన్, ప్రభుత్వ ఆసుపత్రి, చిత్తూరు