గిటారులో దాగిన త్రాసు

వీణ వాయించేవారి ఎడమచేతిని మీరెప్పుడైనా దగ్గరగా గమనించారా? మెట్టు మీద వేలు ఆనించి తీగను పక్కకు లాగుతారు. స్వరం జారుతూ పైకి పోతుంది. అదే గమకం. తీగ పొడవు దాదాపు అంతే ఉంది, లావూ అంతే. మారినది బిగువు. బిగువు పెరిగింది కనుక స్వరం హెచ్చింది. అయితే ఇలా లాగి స్వరాన్ని పెంచగలమే గాని, ఆ మెట్టు పలికే స్వరంకన్నా కిందికి దించలేం.

ఎలక్ట్రిక్ గిటారులో దించే ఏర్పాటు కూడా ఉంటుంది. వీణకు గుర్రం ఎలాగో గిటారుకు బ్రిడ్జి అలాగ. కొన్ని గిటార్లలో ఈ బ్రిడ్జిని కదలకుండా బిగించరు. దానికి ఒక చువ్వ తగిలిస్తారు. చువ్వను నొక్కితే ఆరు తీగలూ ఒక్కసారే వదులై స్వరం కిందికి జారుతుంది. వదిలితే మళ్లీ మొదటి చోటికి వస్తుంది. రావాలి! రాకపోవడం వల్లనే నాకు ఈ సంగతులన్నీ తెలిశాయి.

మా పాఠశాల వార్షికోత్సవానికి ఇంకా రెండు రోజులుందనగా, పదో తరగతి అబ్బాయి ఒకడు గిటారు పట్టుకుని లాబొరేటరీకి వచ్చాడు. "మాస్టారూ, ఒక తీగ శ్రుతి చేస్తే ఇంకో తీగ తప్పిపోతోంది. పొద్దుటినుంచీ ఇదే పని" అన్నాడు. గిటారు వాళ్ల అన్నయ్యది. అడిగి తెచ్చుకున్నది. నాకు గిటారు వాయించడం రాదు. కాని మాస్టారు కదా, తెలియదని ఎలా అంటాను? "బిరడాలు జారుతున్నాయిరా" అని తేల్చేశాను. ఒక్కొక్క బిరడా తిప్పుతూ సాయంత్రమంతా గడిపాం. ఆరో తీగ సరిచేస్తే మొదటిది తగ్గేది. మొదటిది బిగిస్తే మిగిలిన అయిదూ తగ్గేవి. చివరికి కోపం వచ్చి మొదటి తీగను మరికాస్త బిగించాను. ఫట్టున తెగి నా కళ్లజోడుకు తగిలింది. మీరు మాత్రం తీగ బిగించేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టకండి.

తీగ తెగాక అబ్బాయి నిరాశగా మిగిలిన తీగలు మీటాడు. అతని సెల్‌ఫోనులో శ్రుతి చూపే ట్యూనర్ ఉంది. ఆశ్చర్యం! అప్పటిదాకా తగ్గి ఉన్న తీగలన్నీ ఇప్పుడు హెచ్చి ఉన్నాయి. ఎవరూ వాటిని తాకలేదు. త్రాసులో ఒక పళ్లెం నుంచి ఒక తూకపురాయి తీస్తే ఏమవుతుంది? రెండో పళ్లెం దిగుతుంది. అంటే ఈ బ్రిడ్జి ఒక త్రాసు! నా ఎదుట బల్ల మీదనే సామాన్య త్రాసు గాజుపెట్టెలో ఉంది. అయినా నాకు సాయంత్రందాకా తట్టలేదు.

ఈ బ్రిడ్జి రూపకర్త లియో ఫెండర్. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. ఆయనకూ గిటారు వాయించడం రాదట. అది తెలిసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే గిటారులో దీన్ని అమర్చాడు. 1956లో పేటెంటు లభించింది. దానికి ట్రెమొలో అని పేరు పెట్టాడు గాని, ఆ పేరు తప్పు. ట్రెమొలో అంటే ధ్వని తీవ్రతలో హెచ్చుతగ్గులు. స్వరం పైకీ కిందికీ ఊగితే దాన్ని వైబ్రాటో అనాలి. తప్పు పేరే లోకంలో నిలిచిపోయింది.

గిటారు వెనక్కు తిప్పి ప్లాస్టిక్ మూత విప్పితే అసలు సంగతి కనబడుతుంది. బ్రిడ్జి పలక ముందరి అంచు కొన్ని మరల మీద ఆని నిలుస్తుంది. త్రాసు కాడకు అగేటు రాయి మీద ఆనే కత్తి అంచు ఉంటుందే, అదే పని ఇక్కడ ఈ అంచు చేస్తుంది. పలక కింద ఒక ఇనుప దిమ్మ వేలాడుతుంది. తీగలు దాని గుండా వచ్చి పలక మీదుగా పోతాయి. ఆనిన అంచుకు పైన తీగలు లాగుతాయి. అప్పుడు పలక వెనక భాగం పైకి లేవాలని చూస్తుంది. అంచుకు కింద, దిమ్మ చివర మూడు నుంచి అయిదు స్ప్రింగులు లాగుతాయి. అవి పలకను కిందికి దించాలని చూస్తాయి. రెండు భ్రామకాలూ సమానమైన చోట పలక గాలిలో తేలుతూ నిలుస్తుంది.

తీగల లాగుడు చిన్నదేమీ కాదు. మొదటి తీగ వ్యాసం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులుండే సన్నని సెట్టును శ్రుతి చేస్తే, ఆరూ కలిసి సుమారు 38 కిలోల బరువంత బలంతో లాగుతాయి. మూడు స్ప్రింగులు దీన్ని ఎలా ఆపుతున్నాయి? లెక్క సులువుగా ఉండడానికి, అంచు నుంచి తీగల దూరం 1 సెంటీమీటరు, స్ప్రింగుల దూరం 4 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు స్ప్రింగులు నాలుగో వంతు బలంతో లాగితే చాలు. బావి గిలక పక్కన గడకర్ర మొన పట్టుకుని పెద్ద రాయిని కదిలించినవారికి ఇది చెప్పనక్కరలేదు.

"తీగలు ఎప్పుడు మార్చావు?" అని అడిగాను. "నిన్ననే మాస్టారూ. లావుగా ఉంటే గట్టిగా పలుకుతాయని పది సెట్టు కొన్నాను" అన్నాడు. దొంగ దొరికాడు! తొమ్మిదికి బదులు పది. తేడా అంగుళంలో వెయ్యో వంతే. కాని తీగ బరువు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే స్వరం పలకాలంటే బిగువు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. పదిని తొమ్మిదితో భాగించి వర్గం చేయండి: 1.23 వస్తుంది. 38 కాస్తా 47 కిలోలయింది. స్ప్రింగులేమో పాత బిగువులోనే ఉన్నాయి. త్రాసు ఒకవైపు ఒరిగిపోయింది. మేం బిరడా తిప్పినకొద్దీ ఇంకా ఒరిగింది.

మర్నాడు తెగిన తీగ కొత్తది తెచ్చుకున్నాడు. స్ప్రింగుల రెండో కొసలు ఒక కొక్కేల పలకకు తగిలించి ఉంటాయి. ఆ పలకను రెండు పొడవాటి మరలు చెక్కకు పట్టి ఉంచుతాయి. ఆ మరలు బిగిస్తే స్ప్రింగులు సాగి ఎక్కువ బలంతో లాగుతాయి. పలక వెనక అంచు గిటారు పైభాగానికి 3 మిల్లీమీటర్ల ఎత్తులో తేలాలి. విరిగిన చెక్క స్కేలులోంచి అంత మందం ముక్క ఏరి పలక కింద పెట్టాం. పలక ఆ ముక్కను నొక్కి పట్టేదాకా మరలు బిగించాం. ఇప్పుడు పలక కదలదు కనుక, ఒక తీగను సరిచేస్తే ఇంకోటి తప్పలేదు. ఆరూ శ్రుతి చేశాక, మరలను పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ వచ్చాం. ఒకచోట చెక్కముక్క దానంతటదే జారి వచ్చింది. తీగలు, స్ప్రింగులు సమానమైన చోటు అదే! తరువాత ట్యూనర్ చూస్తూ రెండు చుట్లు చిన్న సవరణలు చేస్తే సరిపోయింది.

స్ప్రింగుల సంఖ్య మాటేమిటి? మూడుంటే ఒక్కొక్కటి ఎక్కువ సాగాలి, అయిదుంటే తక్కువ. రెండు విధాలా సమతాస్థితి కుదురుతుంది. తేడా చువ్వ నొక్కినప్పుడు తెలుస్తుంది. అయిదు స్ప్రింగులతో చెయ్యి నొప్పెడుతుంది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. చువ్వ నొక్కి వదిలితే మూడో తీగ కాస్త హెచ్చి నిలుస్తోంది. తల దగ్గర తీగలు సన్నని గాడుల మీదుగా బిరడాలకు పోతాయి. తీగ వదులైనప్పుడు గాడి గుండా కొంచెం బిరడా వైపు జారి, ఘర్షణ వల్ల తిరిగి రాలేకపోతోంది. పెన్సిలు ముల్లు చెక్కి ఆ పొడిని గాడిలో రుద్దాం. గ్రాఫైటు మంచి కందెన కదా! చాలావరకు తగ్గింది. ఈ బాధ పడలేకనే 1970ల చివర ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికా గిటారు వాద్యకారుడు, తీగలను గాడి దగ్గరా బ్రిడ్జి దగ్గరా బిగించి పట్టే ఏర్పాటు చేశాడు.

"వాయిస్తుండగా తీగ తెగితే మిగిలిన అయిదూ తప్పుతాయి. పలకను గిటారుకు ఆనించేద్దామా? స్వరం కిందికి మాత్రమే దిగుతుంది, పైకి పోదు" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. పాటలో ఒకచోట చువ్వను పైకి లాగి స్వరం పెంచాలట. అది లేకుండా వాయించనన్నాడు.

వార్షికోత్సవం నాడు నేను తెర పక్కన నిలబడ్డాను. తీగ తెగలేదు. చువ్వ లాగిన తరువాత మూడో తీగ రవంత హెచ్చింది. వాడు నా వైపు ఒక్క క్షణం చూసి, వాయిస్తూనే ఆ బిరడాను కొంచెం దించాడు.