మోటారు సైకిలు బోనసు కారుకు చెల్లదు

మోటారు సైకిలు నుంచి కారుకు మారే వర్తకులు, కమీషన్ ఏజెంట్లు బీమా ఖర్చును తక్కువగా అంచనా వేసుకోవడం కద్దు. ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా బండి నడిపాము గనుక కారు ప్రీమియంలో తగ్గింపు లభించగలదని వారి భావన. మన దేశపు బీమా పద్ధతిలో ఇందుకు ఆస్కారం స్వల్పం.

క్లెయిము చేయనివారికి ఇచ్చే బోనసు తొలి ఏడాది తర్వాత 20 శాతం. ఆపై ఏటా 25, 35, 45 శాతాలకు పెరిగి, అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఇది సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంపైనే లభిస్తుంది. బోనసు వాహనానిది కాదు, యజమానిది. అయినా అదే తరగతి వాహనానికి మాత్రమే బదిలీ అవుతుంది. మిర్చికి పలికిన ధర పసుపుకు రానట్లే, బండిపై కూడిన బోనసు కారుకు రాదు. కారు సొంత నష్టం ప్రీమియం రూ. 12,000 అనుకుంటే, సగంతో సరిపోతుందని లెక్క వేసుకున్నవారు మొత్తం చెల్లించవలసిందే. బండి అమ్మినవారు బోనసు సర్టిఫికెట్టు తీసుకుంటే, మూడేళ్లలోగా కొనే మరో ద్విచక్ర వాహనానికి పనికివస్తుంది.

సొంత నష్టం రేట్లపై నియంత్రణ 2007 జనవరి 1న తొలగింది. కంపెనీకీ కంపెనీకీ తేడా వుంటుంది గనుక రెండు మూడు చోట్ల విచారించడం లాభదాయకం. థర్డ్ పార్టీ రేటు మాత్రం ఇంజను సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వం నిర్ణయించేది. అందులో అనుభవానికి విలువ లేదు. 2022 జూన్ 1న అమలుకు వచ్చిన రేట్లలో 150 సి.సి. దాటి 350 సి.సి. వరకు గల బండికి రూ. 1,366, 1000 దాటి 1500 సి.సి. వరకు గల కారుకు రూ. 3,416.

ప్రీమియం కన్నా ముఖ్యమైనది లైసెన్సు. మోటారు సైకిలు లైసెన్సుపై కారు నడపరాదు. తేలికపాటి మోటారు వాహనాల తరగతిని అందులో చేర్పించుకోవాలి. అది లేకుండా నడిపితే సొంత నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. ఇతరులకు చెల్లించిన పరిహారాన్ని యజమాని నుంచి రాబట్టుకొనే ప్రమాదమూ వుంది.

బండి పాలసీలో కారుకు కలిసివచ్చే అంశం ఒకటి వున్నది. యజమానికి రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒక వాహనంపై అమలులో వుంటే, రెండవ వాహనంపై మళ్లీ కొననవసరం లేదు. బండి అమ్మేవారు మాత్రం ఆ రక్షణ ముగియకుండా చూచుకోవాలి.