గుఱ్ఱము పేరు – ఎద్దు కష్టము

2016లో మండల కేంద్రమైన తరిగొప్పుల పరిసరములందు రైతును పలుకరించి, బావికి ఎట్టి మోటారు గలదని అడిగిన, “అయిదు హార్స్‌పవరుది” అనియో, “మూడు హార్స్‌పవరుది” అనియో చెప్పును. జనగామ సీమలో గుఱ్ఱమును కట్టి నీరు తోడుట వాడుక కాదు. అయినను బావి బావికిని గుఱ్ఱము పేరు వినబడుచున్నది. ఈ పేరు ఎచ్చటినుండి వచ్చినది? గుఱ్ఱము చేయని ఆ పనిని మన సీమలో ఎవరు చేసిరి? ఈ రెండు ప్రశ్నలను మేమిందు విచారింప దలచితిమి.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో గనులనుండి నీరు తోడుటకును, మరలు త్రిప్పుటకును, కాలువ గట్టు వెంట పడవలను లాగుటకును గుఱ్ఱములే ఆధారము. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రములను అమ్మ జూపినపుడు, అవి ఎన్ని గుఱ్ఱముల పని చేయునో చెప్పినగాని కొనువారికి బోధపడదయ్యెను. నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపు శక్తిని ఆయన ఒక అశ్వశక్తిగా నిర్ణయించెను. నేటి కొలతలో అది 746 వాట్లు. ఈ వాటు అనునది కూడ ఆయన పేరే.

మన సీమలో గుఱ్ఱము సైన్యమునకును, దొరల సవారీకిని, పట్టణములలో జట్కాకును పరిమితమైనది. దీనికి కారణములు లేకపోలేదు. ఎద్దు నెమరువేయు జంతువు. చొప్పయు వరిగడ్డియు తిని బలము పుంజుకొనును. కష్టపడు గుఱ్ఱమునకు ఉలవలో, శనగలో దాణా పెట్టక తప్పదు. ఎద్దు మెడపై కాడి మూపురమునకు ఆని నిలుచును. గుఱ్ఱమునకట్లు కాదు, మెత్తని మెడపట్టెడ లేనిచో పట్టీ గొంతు నొక్కును. ఐరోపాలో సైతము అట్టి పట్టెడ మధ్యయుగములలో వ్యాపించిన పిదపనే గుఱ్ఱము నాగలి పనికి విరివిగా వచ్చినది. సరకుల రవాణాలోను ఇదే తీరు. లంబాడీలు ఉప్పును ధాన్యమును మోయించినది ఎద్దుల మీదనే. 1889 నాటికి సికింద్రాబాదునుండి జనగామ మీదుగా బెజవాడకు రైలుమార్గము పూర్తియైన పిదప ఆ ఎద్దుల బిడారులు క్రమముగా తగ్గినవి.

ఎద్దు చేసిన పనులలో మిక్కిలి కష్టమైనది మోట. బావి ఒడ్డున గుంజలు నాటి గిలకను అమర్చెడివారు. తోలు బొక్కెనకు అడుగున ఏనుగు తొండము వంటి గొట్టముండును. పెద్ద మోకు బొక్కెనకును, సన్నని తాడు తొండపు కొనకును కట్టి, రెండింటిని కాడికి తగిలించెడివారు. ఎద్దులు పల్లపు బాటలో దిగుచుండగా బొక్కెన పైకి వచ్చును. తొండము మీదికి మడిచి యుండును గనుక నీరు కారదు. ఒడ్డు చేరగనే సన్నతాడు తొండమును తొట్టిలోనికి లాగును. నీరు కాలువ పట్టును. మోట తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువును కూడ కలిపెడివాడు. పిదప ఎద్దులు వెనుకకు అడుగులు వేయుచు గట్టెక్కవలెను. తెల్లవారక మునుపే ఈ పని మొదలయ్యెడిది. బావి పెద్దదియో చిన్నదియో చెప్పవలెనన్న “రెండు మోటల బావి”, “నాలుగు మోటల బావి” అనెడివారు.

జోడెద్దులు నిలుకడగా చేయు పని ఇంచుమించు ఒక అశ్వశక్తి; పెక్కుసారులు అంతకు తక్కువయే. కావున అయిదు హార్స్‌పవరు మోటారు అయిదు జోడులకు తక్కువ కాని పని చేయును. అంతకన్న పెద్ద భేదము వేరొకటి కలదు. ఎద్దు అలసును. ఎండ ముదిరిన కాడి విప్పవలెను, మేపవలెను, నీరు పెట్టవలెను. ఆ విశ్రాంతి వేళలో బావిలో ఊట ఊరెడిది.

జనగామ ప్రాంతము గ్రానైటు రాతినేల. ఇచ్చట వాననీరు పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. అవి నిండుటకు కాలము పట్టును. ఆ కాలమును ఇచ్చినది ఎద్దు అలసట. మోటారు అలయదు. సేద్యమునకు 2004లో ఉచిత విద్యుత్తు వచ్చినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున అది 24 గంటలకు విస్తరించినది. రైతుకు ఇది గొప్ప మేలు. కాని ఊటకు మించి తోడిన చోట మోట బావులు ఎండి, రైతులు అప్పుచేసి బోర్లు వేయవలసి వచ్చినది. దేవాదుల ఎత్తిపోతల పథకము గోదావరి నీటిని ఈ మెట్ట చెరువులకు తెచ్చి కొంత ఊరట కల్పించినది.

మోట తిరిగి రావలెనని మా అభిప్రాయము కాదు. చీకటితో లేచి మోట తోలిన జీతగాండ్ర బ్రతుకును, ముల్లుకర్ర పోటులు తిన్న ఎద్దుల బాధను ఎరిగినవారెవరును అట్లు కోరరు. అయితే ఎద్దు తెలియకయే పాటించిన మితమును ఇపుడు మనము తెలిసి పాటింపవలసి యున్నది. మోటారు మీట నొక్కుటకు ముందు బావిలో నీరెంత కలదో చూచుట, ఊట ఊరుటకు వ్యవధి నిచ్చుట, నీరు తక్కువైన యేట వరి తగ్గించి ఆరుతడి పైరు వేయుట, ఇవి కష్టమైన పనులు కావు. కాడి విప్పు వేళ ఏదో ఎద్దు చెప్పెడిది; మోటారుకు మనమే చెప్పవలెను.