వార్తల్లో పదం: లెవెల్ 4

అమెరికాలో డ్రైవర్ లేని కార్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినిపించే మాట ‘లెవెల్ 4’. బండి ఎంత మేరకు తనంతట తాను నడుస్తుందో చెప్పడానికి ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ 2014లో 0 నుంచి 5 వరకు మెట్లు కట్టింది. రెండో మెట్టులో స్టీరింగ్, బ్రేకులను యంత్రం చూసుకున్నా రోడ్డు మీద కళ్లు డ్రైవరువే. మూడులో చూపు తిప్పుకోవచ్చు గానీ, బండి పిలిస్తే పలకాలి. నాలుగులో, నిర్ణీత పరిధి లోపల, మనిషి అవసరమే లేదు. ఇబ్బంది వస్తే బండే సురక్షితంగా ఆగాలి. ఫీనిక్స్ ప్రాంతంలో వేమో సంస్థ టాక్సీలు 2020 నుంచి ఇలాగే జనాన్ని ఎక్కించుకుంటున్నాయి.

మోటార్‌హోమ్ యాత్రికులకు ఈ మాట ఎందుకు ముఖ్యం? మోటార్‌హోమ్ అంటే మంచం, వంటగట్టు, స్నానాలగది ఉన్న చక్రాల ఇల్లు. పెద్దవి 40 అడుగులు దాటుతాయి. ఎత్తైన గోడలకు పక్కగాలి కొడితే బండి లేన్‌లోంచి జరుగుతుంది. స్టీరింగ్ పట్టిన చేతులు సాయంత్రానికి లాగేస్తాయి. ఇంటిల్లిపాదీ కిటికీలోంచి కొండలు చూస్తుంటే నడిపేవారికి తారురోడ్డే మిగులుతుంది. ఆ ఒక్కరినీ మళ్లీ కుటుంబంలో కలపడమే, నా దృష్టిలో, లెవెల్ 4తో అసలు లాభం. వయసు మీదపడి తాళాలు పక్కన పెట్టేసిన పెద్దలకూ దారి తెరుచుకుంటుంది.

అయితే ‘పరిధి’ని మరవకూడదు. వేమో తిరిగేది ముందే వివరంగా మ్యాపు గీసుకున్న నగరంలో. మోటార్‌హోమ్ వెళ్లేది ఎల్లోస్టోన్ జాతీయ పార్కు లాంటి చోటికి. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, బైసన్ల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడుతుంది, చెట్ల మధ్య ఇరుకు జాగాలోకి బండిని రివర్స్‌లో పెట్టాలి. కాబట్టి ముందుగా వచ్చేది హైవే వరకే తనంతట తాను నడిచే బండి కావచ్చు. క్యాంపు గేటు దగ్గర స్టీరింగ్ మళ్లీ మన చేతికే.